జొన్నచొప్ప సెగ

హార్ప్ వాయించేటప్పుడు చిటికెన వేలికి పని ఉండదు. మిగిలిన వేళ్ళు తీగను లాగి అరచేతిలోకి ముడుచుకోవాలి, బొటనవేలు మాత్రం నిటారుగా నిలబడాలి. మొన్న ఈ ముక్క చెబితే మా మనవరాలు పకపకా నవ్వింది. "జహీరాబాద్‌ల హార్ప్ ఏంది అమ్మమ్మా, కలగన్నవా?" అంది. కలే అయితే ఎంత బాగుండేది! కల చెదిరితే లేచి మొహం కడుక్కుంటాం, అంతటితో సరి.

యాభైల చివర్లో మాట. మా నాయిన మిషన్ బంగళాలో మాలి. దవాఖానా వెనక లైను ఇళ్ళలో మాది చిట్టచివరిది. అవ్వ దవాఖానాలో గుడ్డలు ఉతికేది. అల్లం తవ్వే రోజుల్లో కోహీర్ దిక్కు కూలికి పోయేది, నన్నూ వెంట తీసుకుపోయేది. అల్లం మీది ఎర్రమట్టి కడిగి, పెంకుముక్కతో పొట్టు గీకడం నా పని. పొద్దంతా గీకితే వేళ్ళు మిరపకాయ నూరినట్టు మండేవి. ఆ మంట నాకు పుట్టుకతో వచ్చిందనే అనుకునేదాన్ని.

దవాఖానాలో నర్సులందరికీ పెద్ద ఒక దొరసాని. ఆమెను మేమంతా మిస్సమ్మ అనేవాళ్ళం. ఒక రోజు ఆమె దేశం నుంచి పెద్ద చెక్కపెట్టె రైల్లో వచ్చింది. నాయినే స్టేషన్ నుంచి దాన్ని భుజం మీద మోసుకొచ్చాడు, నేను వెనకాలే ఉరుకు. బంగళా వరండాలో పెట్టె విప్పితే హార్ప్ బయటపడింది. నా గదుమ దాకా ఎత్తు. పైన వంగిన కొయ్య, కింద బోలు పెట్టె, మధ్యలో ఇరవై రెండు తీగలు. అవి ఇనుప తీగలు కావు, పేగుతో పేనిన నరాలు. దారి తప్పకుండా గుర్తుకోసం కొన్నిటికి ఎర్రరంగు, కొన్నిటికి నల్లరంగు.

నాయిన ఆ బోలు పెట్టెను వేలి కణుపుతో ఒక్కసారి టక్కున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"మంచి ఎండిన కట్టె అమ్మగారూ. మస్తు పలుకుతది" అన్నాడు.

మిస్సమ్మ ఆశ్చర్యపోయింది. నేను పోలేదు. మా తాత న్యాల్‌కల్ దిక్కు ఒక ఊళ్ళో డప్పు కొట్టేవాడు. వయసులో నాయినా కొట్టాడు. పెళ్ళయినా చావయినా కబురు రాగానే పోవాలి, పోకపోతే తిట్లు. ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారు. "ఓ డప్పోడా" అనే పిలుపు. ఆరేళ్ళ పిల్లలు కూడా అదే పిలుపు. ఆ పిలుపు పడలేక నాయిన ఊరు విడిచి వచ్చి మిషన్‌లో చేరాడు. చేరిన రోజున చర్చి అయ్యగారు ఇక డప్పు ముట్టకూడదని మాట తీసుకున్నారట. నాయిన మాట తప్పలేదు. కానీ వేళ్ళు ఊరుకుంటాయా? బిందె మీద, తొడ మీద, గడపార పిడి మీద ఏదో ఒక దరువు నడుస్తూనే ఉండేది. అయ్యగారు కనబడితే టక్కున ఆగిపోయేది.

హార్ప్ మొదట నాకు నేర్పలేదు. నా మొహానికి అంత భాగ్యమా? అయ్యగారి రెండో కూతురికి నేర్పారు. నాకన్నా ఏడాది పెద్ద. మూడు వారాలు కూర్చుంది. వేళ్ళకు బొబ్బలు రాగానే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తీగలే మంచివి కావంది. ఇక రానంది. ఆ మూడు వారాలూ నేను నాయిన కోసిన పూలు లోపల పెట్టే సాకుతో గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. ఒక పొద్దున మిస్సమ్మ ఒక తీగ లాగింది. నేను నాకు తెలియకుండానే అదే స్వరం గొంతులో పలికాను. ఆమె ఇంకోటి లాగింది, అదీ పలికాను. వరసగా పది పలికాను. ఆమె నీలికళ్ళు పెద్దవయ్యాయి.

"ఇటు రమ్ము. కూర్చుండుము" అంది.

ఆమె తెలుగు అలాగే ఉండేది, పుస్తకంలోంచి లేచి వచ్చినట్టు. "మోచేయి వ్రేలాడరాదు", "వ్రేలిని మూయవలెను" అనేది. లైనులో పిల్లలకు నేను ఆమెలా మాట్లాడి చూపిస్తే కడుపుబ్బ నవ్వేవాళ్ళు. కానీ ఆమె ముందు కూర్చుంటే నవ్వు రాదు, ఏడుపే. రోజూ గంటసేపు నాలుగే తీగలు. పాట లేదు పదం లేదు. లాగు, ముడువు, తెరువు. మోచేయి జారితే చెక్కబద్దతో మెల్లగా తాకించేది. వారానికి నా వేళ్ళకూ బొబ్బలొచ్చాయి, పగిలాయి. పగిలిన వేళ్ళతోనే అల్లం గీకాలి. అయ్యో, ఆ మంట పగవాడికి కూడా వద్దు. అవ్వ ఆముదం రాసేది. ఆముదం వేళ్ళతో తీగ ముడితే మిస్సమ్మ ఒప్పుకోదు. మసిబొగ్గుతో తుడుచుకుపోతే తీగలు నల్లబడతాయంటుంది. చివరికి నాయిన వేపాకు నూరి కట్టి, "జర ఓర్సుకో బిడ్డా. తోలు గట్టిపడ్డదంటే ఇగ నొయ్యదు. మాకు గట్లనే అయితుండె" అన్నాడు.

నిజమే. ఆరునెలలకు వేళ్ళ కొసలు గోగునార తాడులా గట్టిపడ్డాయి. అప్పుడు మొదటి పాట చేతికొచ్చింది, చర్చిలో పాడే చిన్న జోలపాట. బోలు పెట్టెను కుడిభుజానికి ఆనించుకుని లాగితే ఆ మోత చెవిలోకి కాదు, తిన్నగా ఎదలోకి దిగేది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. కూలిదాని బిడ్డను, మాలి బిడ్డను, ఇవేవీ ఆ కాసేపు గుర్తుండేవి కావు. అంత సంతోషం నాకు పెళ్ళిలోనూ లేదు, పిల్లలు పుట్టినప్పుడూ లేదు. తప్పయితే తప్పు, నిజం అదే.

రెండో ఏడాది చివర మిస్సమ్మ సెలవు మీద తన దేశం బయలుదేరింది. పోయేముందు నాయిననూ నన్నూ వరండాలోకి పిలిచింది.

"ఈ వాద్యమును మీ ఇంట ఉంచుచున్నాను. నేను తిరిగి వచ్చిన దినమున ఈమె నాకు మూడు పాటలు వినిపింపవలెను. వినిపించినయెడల ఈమెను బోర్డింగు పాఠశాలకు పంపెదను. అచ్చట సంగీతము నేర్చి ఉపాధ్యాయిని కాగలదు" అంది.

తీగలు బిగించే చిన్న ఇనుప చావి నా చేతిలో పెట్టింది. బోర్డింగు లేకపోతే నా గతి ఏమిటో నాకు తెలుసు. నాకు పదమూడు నిండాయి. చిరాగ్‌పల్లిలో అవ్వ తమ్ముడు, అంటే మా మేనమామ, ఎప్పుడెప్పుడా అని కూర్చున్నాడు. రెండెకరాల జొన్నచేను, ఒక ఎద్దు, నేను. అవ్వ మనసులో అదే ఖాయం.

ఆ ఏడాది మా ఇంట్లో మనుషులకన్నా హార్ప్‌కే మర్యాద ఎక్కువ. ఎలుకలు కొరుకుతాయని నాయిన దాన్ని తన మంచం మీద పెట్టి తాను కింద పడుకున్నాడు. ఎండాకాలంలో ఒక లావు తీగ తెగింది. ఇక్కడ ఆ నరం ఎక్కడ దొరుకుతుంది? నాయిన ఒక్క క్షణం ఆలోచించి, తెగిన ముక్క రుమాలులో కట్టుకుని, నన్ను బజారులో దూది ఏకే చాచా దగ్గరికి తీసుకుపోయాడు. చాచా విల్లుకు కట్టేదీ పేగు నరమే. ఆయన ముక్కను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"అరె, ఇది మా బిరాదరీదే" అని నవ్వి, తన చుట్టలోంచి కొత్త నరం కోసి ఇచ్చాడు. "పాట నేర్సినంక నాకొక్కసారి వినిపియ్యి బేటీ. నా విల్లు నలబై ఏండ్ల సంది ఒక్కటే మాట అంటున్నది."

ఆ నరం కట్టి బిగిస్తే పలికింది! జర బొంగురుగా ఉన్నా పలికింది. నాయిన సంబరం చెప్పలేను. ఆ రోజు నుంచి నేను వాయిస్తుంటే ఎదురుగా కూర్చుని తొడ మీద వేళ్ళతో దరువు వేసేవాడు. నేను తొందరపడితే దరువు ఆపి, "ఉరుకకు బిడ్డా, పాట యాడికి పోతది?" అనేవాడు. మిస్సమ్మ రెండేళ్ళలో నేర్పలేని నడక నాయిన తొడ మీది నుంచి నేర్చుకున్నాను. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో అనలేదు. ఇప్పుడు కాగితం మీద అంటున్నాను, ఎవరికి లాభం?

మూడు పాటలూ వచ్చేశాయి. భాద్రపదంలో ఉత్తరం వచ్చింది, మిస్సమ్మ గురువారం బండికి దిగుతుందని. ఆ ఉత్తరంతో పాటే ముసురు పట్టింది. అయిదు రోజులు సూర్యుడు కనబడలేదు. గోడలు చెమ్మ, గుడ్డలు చెమ్మ, ఉప్పు కూడా నీళ్ళయింది. ఇల్లు నాలుగు చోట్ల కురుస్తుంటే హార్ప్ మీద గొంగడి కప్పి అటూ ఇటూ జరిపాం. బుధవారం సాయంత్రం వాయించబోతే తీగలు సడలిపోయి ఉన్నాయి. బిగిస్తే కాసేపటికే మళ్ళీ జారిపోతున్నాయి. మోత చచ్చిపోయింది, తడిసిన అట్ట మీద కొట్టినట్టు మొద్దుగా వస్తోంది.

నేను నేల మీద పడి ఏడ్చాను. "నాయినా, ఎట్లనన్న జెయ్యి. రేపు గిట్లనే ఉంటే నన్ను చిరాగ్‌పల్లికి తోలిస్తరు. ఎట్లనన్న జెయ్యి నాయినా!"

అడిగింది నేనే. ఇది మాత్రం ఎవరూ మరిచిపోకండి.

తెల్లారుతుండగా నాయిన కేక వినబడింది. "లే బిడ్డా, లే! పలుకుతున్నది సూడు!"

బయటికి ఉరికాను. వాన వెలిసింది. చూరు కింద, ఎక్కడినుంచి తెచ్చాడో, ఎండు జొన్నచొప్ప మంట వేశాడు. ఆ మంట పైన హార్ప్‌ను రెండు చేతులా పట్టుకుని, మెల్లగా తిప్పుతూ, సెగ చూపిస్తున్నాడు. తోలు చెమ్మగిల్లితే డప్పును అలాగే కాస్తారు. వాళ్ళ నాన్న కాచాడు, తాత కాచాడు. చొప్ప మంట మెత్తన, కట్టె మంటలా మాడ్చదు, అదీ లెక్క. కాచి, వేలితో మీటి, మళ్ళీ కాచి. ఆయన మొహంలో ఆ వెలుగు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"తియ్యి, ముట్టి సూడు" అన్నాడు.

ముట్టాను. ఖంగున పలికింది! మిస్సమ్మ వరండాలో కూడా అంత కమ్మగా పలకలేదు. నేను ఎగిరి గంతేశాను. అక్కడే గడపలో కూర్చుని మొదటి పాట వాయించాను. నాయిన తొడ మీద దరువు. అవ్వ పొయ్యి వదిలి వచ్చి నిలబడింది. ఇక ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. నాలుగు తీగలు ఇంకా కొంచెం దిగి ఉన్నాయనిపించింది. చావి పెట్టి బిగించాను.

"సాలు బిడ్డా. కాకమీదున్నది, జర సల్లారనియ్యి" అన్నాడు నాయిన.

"నీకు తెల్వదు, ఊకో" అన్నాను. ఇంకో తిప్పు తిప్పాను.

టప్‌మంది. ఎండిన కంది కట్టె విరిచినట్టు చప్పుడు. బోలు పెట్టె మీది పలక పైనుంచి కిందికి చీలిపోయింది. తీగలన్నీ ఒక్కసారే సడలి వేలాడాయి.

అంతే, నా నోరు లేచింది. అప్పటికే చప్పుడు విని పక్క ఇళ్ళవాళ్ళు బయటికొచ్చారు, నల్లా దగ్గర బిందెలు పట్టుకుని నలుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరి ముందు నేను మా నాయినను పట్టుకుని అరిచాను.

"ఇది డప్పనుకున్నవా కాపనీకి? తోలు కాపుడు తప్ప నీకేమొస్తది? మిషన్ల జేరినా మాలివైనా నువ్వు డప్పోడివే! డప్పోడివి!"

ఏ పిలుపు వినలేక ఆయన ఊరు విడిచాడో, ఆ పిలుపు ఇంటి గడపలో ఆయన బిడ్డ నోట విన్నాడు. నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. కూర్చుని, మిగిలిన చొప్ప మీద మట్టి వేసి మంట ఆర్పాడు.

అవ్వ మాత్రం అంది, "కాలు జారితే తీసుకోవచ్చు గని నోరు జారితే తీసుకోలేం పిల్లా." అప్పుడు ఆ మాట కూడా నా చెవికెక్కలేదు.

పదకొండింటికి మిస్సమ్మ బంగళాకు వచ్చింది. నాయిన చీలిన హార్ప్‌ను గొంగట్లో చుట్టి, మోసుకుపోయి, ఆమె కాళ్ళ దగ్గర పెట్టి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"నాదే తప్పమ్మగారూ. చెమ్మ పట్టిందని నేనే మంటమీద కాపిన."

ఆమె వేళ్ళతో చీలిక వెంట తడిమింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ సమయమున నీవెక్కడ ఉంటివి? నీవు చూచితివా?"

కాచినందుకు పగలలేదు, కాకమీద బిగించినందుకు పగిలింది. ఆ చావి అప్పుడు నా పరికిణీ కుచ్చిళ్ళలోనే ముడేసి ఉంది. తొడకు గుచ్చుకుంటోంది. ఒప్పుకుంటే బోర్డింగు పోతుందని భయం. తప్పు నాయినదే అయితే ఇంకా ఏదో దారి ఉంటుందేమోనని ఆశ.

"నేను పండుకున్న అమ్మగారూ. నాకు తెల్వదు" అన్నాను.

నాయిన తల తిప్పి నా మొహంలోకి చూశాడు. ఒక్కసారే. తర్వాత ఆమెతో అన్నాడు: "అవునమ్మా. పిల్ల పండుకున్నది. దానికేం తెల్వదు."

"దుఃఖింపకుము. నేను క్షమించితిని" అంది మిస్సమ్మ. క్షమించిందట! చేయని తప్పుకు ఆయన క్షమాపణ పుచ్చుకుని తలవంచి దండం పెట్టాడు. చేసినదాన్ని నేను పక్కనే నిలబడి చూశాను. ఆ క్షమ మా ఇంట్లో ఒక చెడ్డ వాసనలా ఉండిపోయింది.

అబద్ధం ఆడి నేను బావుకున్నది కూడా ఏమీ లేదు. వాద్యం లేనిదే పరీక్ష లేదంది మిస్సమ్మ. చూసి చెబుతానంది. ఆ ఏడు బోర్డింగుకు ఒక్క పిల్లకే చోటుంది. అయ్యగారి రెండో కూతురు పోయింది, మూడు వారాల్లో బొబ్బలు చూసి లేచిన పిల్ల. తర్వాత ఆమె టీచరమ్మ అయింది, హార్మోనియం మీద పిల్లలకు పాటలు చెప్పేదట. మంచిదే, ఆమెను అని లాభం లేదు. మిస్సమ్మ హార్ప్‌ను మళ్ళీ చెక్కపెట్టెలో పెట్టించి ఎక్కడికో బాగుచేయించడానికి పంపింది. ఏ భుజం మీద వచ్చిందో ఆ భుజం మీదే స్టేషనుకు పోయింది. అది తిరిగి రాలేదు. దూదేకుల చాచా రెండుమూడు సార్లు అడిగాడు, "బేటీ, పాట ఎప్పుడు?" అని. తర్వాత నేను బజారుకు ఆ దారిన పోవడం మానేశాను.

తర్వాతి ఎండాకాలంలో చిరాగ్‌పల్లి మేనమామతో పెళ్ళయింది. మంచివాడే, అబద్ధమెందుకు. బొంబాయి రోడ్డు పక్కన జొన్నచేను. కలుపు తీస్తుంటే లారీలు పోయేవి. వేలి కొసల గట్టితనం ఏడాదిన్నర ఉంది, తర్వాత కొడవలి పిడి దగ్గర కొత్త కాయలు వచ్చి పాతవి పోయాయి.

నాయిన వేళ్ళు ఆ గురువారమే ఆగిపోయాయి. బిందె మీద లేదు, తొడ మీద లేదు. దరువు అన్నది ఆయన ఒంట్లో ఎప్పుడూ లేనట్టే బతికాడు. నాతో మాత్రం మామూలుగానే ఉన్నాడు. పుట్టింటికి వస్తే కోహీర్ జామకాయలు కొని దాచి పెట్టేవాడు. అదే నాకు ఎక్కువ బాధ. తిడితే తిరిగి తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, తిరిగివ్వకుండా దాచుకున్న చావి ముడి విప్పి ఆయన చేతిలో పెట్టి జరిగింది ఒప్పుకునేదాన్ని. జామకాయ పెడితే ఏం చేస్తాం, తింటాం.

అరవైల చివర ఒక పుష్యమాసం. కాన్పుకు పుట్టింటికి వచ్చాను. తెల్లవారుజాము చలికి లైనులో అందరూ చూరు కింద చొప్ప మంట వేసుకుని చుట్టూ చేరారు. నాయిన మాత్రం పది అడుగుల దూరంలో, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, దగ్గుతూ నిలబడ్డాడు. ఆ గురువారం నుంచి ఒక్కసారీ ఆయన మంట దగ్గరికి రాలేదని అవ్వ అప్పుడే నాకు చెప్పింది.

"ఇటు రారాదు, సలికి సస్తవ్" అని అవ్వ కేకేసింది.

"నాకు సలి పెడ్తలేదు" అన్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

వచ్చే చలికాలానికి ఆయన లేడు. ఆ పొద్దున నేను లేచి పోయి చెయ్యి పట్టుకుని, "రా నాయినా, కాపుకుందువు" అంటే వచ్చేవాడు. బిడ్డ పిలిస్తే రాకుండా ఉండేవాడు కాదు. పగిలింది నా చేతుల్లోనే నాయినా అని ఒక్క ముక్క చెబితే ఏమయ్యేది? నోటిదాకా వచ్చింది. చుట్టూ జనం ఉన్నారని మింగాను. డప్పోడివని అరిచిన రోజునా చుట్టూ జనమే ఉన్నారు. నేను మంటకు దగ్గరగా జరిగి, అరచేతులు చాపి, కాచుకుంటూ కూర్చున్నాను.